రక్తపరీక్ష చాల్లే... అనుకోవద్దు!

పంజాగుట్ట చౌరస్తా నుంచి అమీర్‌పేట వైపు నడుచుకుంటూ వస్తే కోచింగ్ సెంటర్లు, బట్టల దుకాణాల మధ్య ల్యాబుల బోర్డులు ఎన్ని కనిపిస్తాయో! షుగరు, థైరాయిడ్, కొలెస్ట్రాల్... పొద్దున్నే పరగడుపున వెళ్లి చెయ్యి చాపితే చాలు, రిపోర్టు చేతికొస్తుంది. 'క్యాన్సర్ ఉందో లేదో కూడా ఇలాగే తేలిపోతే ఎంత బాగుండు!' అని ఎవరికి అనిపించదు?

పెద్దపేగు క్యాన్సర్ విషయంలో మన ఆడవాళ్లకు ఈ ఆశ మరీ ఎక్కువ. కారణం మీకు తెలిసిందే... సిగ్గు! విరేచనంలో రక్తం పడుతున్నా 'మొలలే అయ్యుంటాయిలే' అనుకుని మందుల షాపులో ఏదో పూతమందు కొనుక్కుని ఊరుకుంటాం. భర్తకు చెప్పం, కూతురికీ చెప్పం.

రక్తంలో చీటీలు

ఇంతకీ ఈ జబ్బు ఆనవాలు రక్తంలో దొరుకుతుందా? దొరుకుతుంది. మన కణంలోని డీఎన్‌ఏని బీరువాలో దాచిన వంటల పుస్తకం అనుకోండి. ఆ పూటకు కావలసిన వంటను చీటీ మీద ఎత్తి రాసుకుంటే అదే ఆర్‌ఎన్‌ఏ. కణం దారితప్పి క్యాన్సర్‌గా మారితే ఈ చీటీలూ మారిపోతాయి. కొన్ని రక్తంలోకి చేరతాయి. వీటిలో బుల్లివి మైక్రో ఆర్‌ఎన్‌ఏలు. ఏ చీటీ అమలు కావాలో, ఏది ఆగాలో చూసే పెత్తనం వీటిది. 1993లో వీటి ఆచూకీ బయటపెట్టిన విక్టర్ ఆంబ్రోస్‌కు, గ్యారీ రవ్‌కున్‌కు 2024లో నోబెల్ బహుమతి వచ్చింది. పెద్దపేగు క్యాన్సర్ రోగుల రక్తంలో మైక్రో ఆర్‌ఎన్‌ఏ-21, 92ఏ వంటివి ఎక్కువగా ఉంటున్నట్టు పరిశోధనల్లో తేలింది.

చిక్కెక్కడ?

ఈ 21 అనేది వేరే క్యాన్సర్లలోనూ, మామూలు వాపుల్లోనూ పెరుగుతుంది. రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు చితికినా లెక్క తారుమారవుతుంది. అందుకే రక్తంలోని ఆర్‌ఎన్‌ఏ పరీక్ష ఒక్కదాన్నే నమ్ముకునే రోజు ఇంకా రాలేదు.

అమెరికాలో 2024లో రెండు కొత్త పరీక్షలకు అనుమతి దొరికింది. కోలోసెన్స్ ఆర్‌ఎన్‌ఏనే చూస్తుంది, కానీ రక్తంలో కాదు, మలంలో! షీల్డ్ రక్తపరీక్షే, కానీ చూసేది డీఎన్‌ఏని. రెండూ 45 ఏళ్లు దాటి, ఏ లక్షణాలూ లేనివాళ్ల కోసమే. షీల్డ్ నూటికి 83 క్యాన్సర్లను పట్టుకుంది. అంటే మిగతా 17 మందికి జబ్బు ఉండీ రిపోర్టు బాగానే వచ్చిందన్నమాట! క్యాన్సర్‌కు ముందు దశలో ఉండే ముదిరిన పిలకలనైతే నూటికి 13 మాత్రమే కనిపెట్టింది.

అసలు కీలకం ఈ పిలకల దగ్గరే ఉంది. పేగులో మొలిచిన పిలక క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్లదాకా పడుతుంది. ఈలోగా కొలనోస్కోపీలో చూసి తీసేస్తే ఆ ముప్పు అక్కడితో సరి. ముందురోజు పేగు శుభ్రపడే మందు తాగాలి. పరీక్షప్పుడు మత్తు ఇస్తారు కాబట్టి అంత భయపడక్కర్లేదు. రక్తపరీక్షలో అనుమానం వచ్చినా చివరికి చేయించాల్సింది ఇదే.

అన్నట్టు, ప్యాకేజీల్లో కనిపించే సీఈఏ పరీక్ష ఉందే... అది చికిత్స తర్వాత జబ్బు తిరగబెట్టిందేమో చూడటానికి పనికొస్తుంది. మొదట్లో పసిగట్టడానికి కాదు.

ఇవి గమనించండి

విరేచనంలో రక్తం, వారాల తరబడి మారిన విరేచనాల తీరు, కారణం లేకుండా బరువు తగ్గడం... వీటిలో ఏది ఉన్నా ల్యాబుకు కాదు, డాక్టరు దగ్గరకు వెళ్లండి. రక్తం తక్కువగా ఉందంటే 'నెలసరి వల్లేలే' అని సరిపెట్టుకుంటాం. ముట్లుడిగాక కూడా తక్కువగా ఉంటే ఐరన్ మాత్రలతో ఆగకూడదు, రక్తం ఎక్కడ పోతోందో వెతకాలి. అమ్మకో, నాన్నకో, తోబుట్టువులకో ఈ జబ్బు వచ్చి ఉంటే 40 ఏళ్లకే, లేదా వాళ్లకు బయటపడిన వయసుకు పదేళ్ల ముందే... ఏది ముందైతే అప్పుడు పరీక్ష మొదలుపెట్టాలి.

పంజాగుట్టలోని నిమ్స్‌లో గ్యాస్ట్రో, క్యాన్సర్ విభాగాలు రెండూ ఉన్నాయి. ఒంటరిగా వెళ్లడానికి బెరుకనిపిస్తే అక్కనో, వదిననో వెంటబెట్టుకెళ్లండి. లేడీ డాక్టరు కావాలని అడగడంలోనూ తప్పులేదు. 'రక్తం పడుతోందండీ' అన్న ఆ ఒక్క మాట నోరు తెరిచి చెప్పండి. ఏ రిపోర్టూ మీ బదులు ఆ మాట చెప్పదు.