పాడి పశువులకు వేసవి తాపం: అపోహలు – వాస్తవాలు

పాడి పశువు శరీరంలోకి వేడి రెండు దారుల్లో చేరుతుంది. ఎండ, వడగాలి, కాగిన రేకుల కప్పు నుంచి వచ్చేది ఒకటి. పెద్ద పొట్టలో మేత పులిసేటప్పుడూ, పొదుగులో పాలు తయారయ్యేటప్పుడూ లోపలే పుట్టేది మరొకటి. ఈ వేడిని చెమటగా, ఊపిరిగా బయటికి పంపగలిగినంత కాలం పశువు ఒంటి వేడి సుమారు 101.5 డిగ్రీల ఫారన్‌హీట్ వద్ద నిలకడగా ఉంటుంది. చేరేది ఎక్కువై, పోయేది తక్కువైనప్పుడు ఏర్పడే స్థితిని ఉష్ణ ఒత్తిడి అంటారు. తెలుగునాట వేసవి పశుపోషణలో పాతుకుపోయిన నమ్మకాలు చాలావరకు నెత్తిమీది ఎండను మాత్రమే లెక్కలోకి తీసుకుని, లోపలి వేడినీ, అది బయటపడే దారినీ మరచినందువల్ల ఏర్పడినవి.

అపోహ 1: ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటితేనే పశువుకు గండం, కోస్తాలో ఎండ తక్కువ గనుక భయం లేదు.

వాస్తవం: చెమట ఆరినప్పుడే ఒళ్లు చల్లబడుతుంది, గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే చెమట ఆరక, వేడి లోపలే ఉండిపోతుంది. అందువల్ల శాస్త్రజ్ఞులు ఉష్ణోగ్రతనూ, గాలిలోని తేమ శాతాన్నీ కలిపి ఉష్ణోగ్రత–తేమ సూచిక అనే ఒకే అంకెగా లెక్కిస్తారు. ఈ లెక్క ప్రకారం రామగుండంలో 40 డిగ్రీల ఎండలో తేమ 20 శాతం ఉంటే సూచిక 84 దగ్గర ఉండగా, కాకినాడలో 34 డిగ్రీలకే తేమ 75 శాతం ఉంటే అది 88కి చేరుతుంది. అధిక పాలిచ్చే హోల్‌స్టీన్ ఆవుల్లో ఈ సూచిక 72 దాటగానే ఒత్తిడి మొదలవుతుందని చాలాకాలం భావించారు. రోజుకు 35 లీటర్లకు మించి పాలిచ్చే వాటిలో 68 వద్దే మొదలవుతుందని తరువాతి పరిశోధనల్లో తేలింది. 25 డిగ్రీల ఉష్ణోగ్రతలోనైనా తేమ 70 శాతం ఉంటే సూచిక 72ను దాటుతుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తె గడిచి మృగశిర తొలకరి పడగానే గండం గట్టెక్కిందనుకోవడం కూడా ఇదే పొరపాటు.

రైతు చేతిలో ఏ పరికరమూ లేకపోయినా పశువు డొక్కే కొలమానంగా పనికొస్తుంది. నీడలో ఉన్న ఆవు డొక్క ఎన్నిసార్లు లేచి పడుతోందో గడియారం చూస్తూ ఒక నిమిషం లెక్కపెడితే, 60 దాటినప్పుడు ఒత్తిడి మొదలైందనీ, 80 దాటినప్పుడు తీవ్రమైందనీ గ్రహించవచ్చు. పడుకుని నెమరు వేయవలసిన వేళ ఆవు నీళ్ల తొట్టి పక్కనే నిలబడి, మెడ చాచి, చొంగ కారుస్తూ ఉండటం కూడా అదే సూచన. నిలబడితే ఒంటికి గాలి ఎక్కువ తగులుతుందని అది పడుకోవడం మానేస్తుంది.

అపోహ 2: మేత తగ్గడం వల్లనే పాలు తగ్గుతాయి, గంజి, అంబలి, వండిన నూకలు పెడితే చలవ చేసి పాలు నిలుస్తాయి.

వాస్తవం: పాల తగ్గుదలలో మేత తగ్గడం వల్ల కలిగేది దాదాపు సగం వరకే; మిగిలినది వేడికి శరీరం తన శక్తిని ఖర్చుచేసే తీరు మారడం వల్ల కలుగుతుంది. పైగా పాలు అదే రోజున కాక, ఎండ తాకిన ఒకటి రెండు రోజులకు తగ్గుతాయి గనుక, కారణాన్ని ఆనాటి దాణాలో వెతకడం వృథా అవుతుంది.

మనిషికి చలవ చేసే గంజి నాలుగు అరల పొట్ట ఉన్న పశువుకు చేటు చేయగలదు. ఉడికిన పిండి పదార్థం పెద్ద పొట్టలో త్వరగా పులిసి ఆమ్లంగా మారుతుంది. మామూలు రోజుల్లో ఆ ఆమ్లాన్ని లాలాజలంలోని సోడా లవణం విరిచేస్తుంది. కానీ రొప్పే పశువు ఊపిరితో బొగ్గుపులుసు వాయువును అధికంగా కోల్పోవడంతో, రక్తంలోని సమతూకాన్ని నిలిపేందుకు మూత్రపిండాలు అదే సోడా లవణాన్ని బయటికి పంపుతాయి, మిగిలినది చొంగగా నేలపాలవుతుంది. ఆ స్థితిలో గంజి ఎక్కువైతే పొట్టలో ఆమ్లం పెరిగి, నెమరు ఆగి, పాలలో వెన్న శాతం పడిపోతుంది. పాల కేంద్రంలో ధర తగ్గినప్పుడు గానీ రైతుకు అది తెలియదు.

మేత తిన్న కొన్ని గంటలకు పొట్టలో పుట్టే వేడి పతాక స్థాయికి చేరుతుంది గనుక, ఉదయం తొమ్మిదికి పెట్టిన మేత వేడి మిట్టమధ్యాహ్నపు ఎండతో కలుస్తుంది. మేతలో ఎక్కువ భాగాన్ని తెల్లవారుజామునా, రాత్రివేళా వేయడం, జీర్ణం కావడానికి ఎక్కువ వేడిని పుట్టించే ఎండు వరిగడ్డిని తగ్గించి లేత పచ్చిమేతను పెంచడం, దాణాను ఒకేసారి కాక చిన్న భాగాలుగా పెట్టడం, పశువైద్యుని సలహాతో వంటసోడా కలపడం దీనికి తగిన మార్గాలు.

అపోహ 3: రొప్పుతున్న పశువుపై నీళ్లు పోస్తే జబ్బు చేస్తుంది.

వాస్తవం: వడదెబ్బ తగిలిన పశువుకు వెంటనే కావలసినవి నీడ, ఒళ్లంతా తడిసేలా నీళ్లు, గాలి, ఆ తరువాత పశువైద్యుడు. తాగగలిగితే చల్లని నీరు దానంతట దాన్నే తాగనివ్వాలి. స్పృహ తప్పుతున్న పశువు నోరు తెరిచి గొట్టంతో నీళ్లు పోయడమే నిజమైన ప్రమాదం, ఎందుకంటే ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి పోగలదు.

అపోహ 4: కొట్టం చుట్టూ తడి గోనెపట్టాలు కట్టి మూసేస్తే చాలు.

వాస్తవం: ఒక లీటరు నీటిని 25 డిగ్రీల నుంచి 37 డిగ్రీలకు వేడెక్కించడానికి 12 కిలో కేలరీలు చాలు; అదే లీటరు చర్మం మీద ఆరిపోవడానికి దాదాపు 580 కిలో కేలరీల వేడిని లాక్కుంటుంది. కనుక పశువును చల్లబరిచేది నీటి చల్లదనం కంటే ఆ నీరు ఆరడమే, ఆరడానికి కావలసినది గాలి. నాలుగు వైపులా గోనెలతో మూసిన కొట్టంలో గాలి ఆగి, పేడ, మూత్రం, ఊపిరి నుంచి వచ్చే తేమ కూడా తోడై, లోపల ఆవిరిపట్టినట్లు ఉంటుంది. పొడి గాలులు వీచే తెలంగాణ, రాయలసీమ ప్రాంతాల్లో ఎండ తగిలే పక్క మాత్రమే తడి గోనెలు కట్టి మిగతా పక్కలు తెరిచి ఉంచితే మేలు కలుగుతుంది. తీరప్రాంతంలో వెంట్రుకలు దాటి చర్మం తడిసేలా ఒకటి రెండు నిమిషాలు నీళ్లు చల్లి, పది పన్నెండు నిమిషాలు పంకా గాలి తగలనిచ్చి, మళ్లీ తడపడం మంచి పద్ధతి. నీరు పొదుగు మీదికి ధారగా కారితే పొదుగువాపు క్రిములు చేరే అవకాశం ఉంది గనుక, తడపడం వీపు వరకే పరిమితం కావాలి. రేకుల కప్పుపై సున్నం పూయడం, తాటాకులు పరవడం లోపలికి దిగే వేడిని తగ్గిస్తాయి.

అపోహ 5: నాటు ఆవులకూ, గేదెలకూ ఎండ పట్టదు.

వాస్తవం: వదులు చర్మం, ఎక్కువగా చెమట పట్టే గుణం, లోపల తక్కువగా పుట్టే వేడి కారణంగా ఒంగోలు జాతి ఎండను బాగా తట్టుకుంటుంది, ఆ జాతి సంతతి నెలోర్ పేరుతో బ్రెజిల్‌లో విస్తరించడానికి ఈ సహనశక్తి కూడా ఒక కారణం. అయినా తట్టుకోవడానికి ఒక హద్దు ఉంది; నీడ, నీరు కరువైతే నాటు ఆవు కూడా కుంగిపోతుంది. గేదె సంగతి పూర్తిగా వేరు. దాని నల్లని చర్మం ఎండను పీల్చుకుంటుంది, చెమట గ్రంథులు ఆవు కంటే చాలా తక్కువ. అందువల్లే అది చెరువు నీటిలో, బురదలో దొర్లుతుంది. చెరువులు ఎండిన ఊళ్లలో రోజుకు రెండు మూడు సార్లు కడగడం గేదెకు తప్పనిసరి అవసరం.

అపోహ 6: పొద్దు గూకితే పశువు తేరుకుంటుంది.

వాస్తవం: పగలంతా నిల్వ అయిన వేడి వదిలిపోవాలంటే రాత్రి కనీసం మూడు నుంచి ఆరు గంటలపాటు గాలి 21 డిగ్రీల కంటే చల్లగా ఉండాలి. తెలుగునాట మే నెలలో మైదాన ప్రాంతాల్లో అలాంటి రాత్రులు అరుదు. కాబట్టి సాయంత్రం పాలు పితికిన తరువాత మరొకసారి తడిపి, గాలి వీచే ఆరుబయట కట్టేయడం పగటి నీడతో సమానమైన అవసరం. నీళ్లు ఎక్కువగా తాగేది పాలు తీసిన వెంటనే, మేత తిన్న వెంటనే గనుక, ఆ వేళకు తొట్టి నిండుగా ఉండాలి. పాలలో దాదాపు 87 శాతం నీరేనన్నది గుర్తుంచుకోదగిన విషయం.

అపోహ 7: ఉప్పు పెడితే చెమటలో పోయిన లవణాలన్నీ భర్తీ అవుతాయి.

వాస్తవం: మనిషి చెమటలో సోడియం ఎక్కువగా పోతే, ఆవు చెమటలో పొటాషియం ఎక్కువగా పోతుంది. ఉప్పు అవసరమే అయినా, పచ్చిమేత, ఖనిజ లవణ మిశ్రమం తోడైతేనే లోటు తీరుతుంది.

అపోహ 8: ఒట్టిపోయిన చూడి పశువు పాలివ్వదు గనుక దాన్ని ఎండలో కట్టేసినా నష్టం లేదు.

వాస్తవం: ఈనడానికి ముందు రెండు నెలల్లో పొదుగు తన కణజాలాన్ని కొత్తగా నిర్మించుకుంటుంది. ఆ కాలంలో ఎండకు గురైన ఆవు ఈనిన తరువాత తక్కువ పాలిస్తుందనీ, దాని దూడ తక్కువ బరువుతో పుట్టి, పెద్దయ్యాక తానూ తక్కువ పాలిస్తుందనీ ఫ్లోరిడా విశ్వవిద్యాలయ పరిశోధనల్లో తేలింది. కొట్టంలో మంచి నీడ ఉన్న చోటు దక్కవలసిన పశువుల్లో ఇదీ ఒకటి.

అపోహ 9: వానలు పడగానే వేసవి నష్టం ముగుస్తుంది.

వాస్తవం: వేడికి ఎద లక్షణాలు మందగిస్తాయి, గేదెల్లో అవి బయటికి కనిపించని మూగ ఎదగా మారతాయి, వీర్యదానం చేసిన తొలి కొద్ది రోజుల్లో ఒంటి వేడి పెరిగితే పిండం నిలవదు. అంతేగాక, అండం ఎదిగి విడుదల కావడానికి వారాలు పడుతుంది గనుక, మే నెలలో దెబ్బతిన్న అండం జూలైలో బయటపడవచ్చు. శ్రావణంలో చూలు కట్టని ఆవును గొడ్డుదని సంతకు తోలే ముందు, వైశాఖంలో అది ఏ కప్పు కింద నిలబడిందో గుర్తుచేసుకోవడం న్యాయం.