హెల్మెట్ (శిరస్త్రాణం)

ద్విచక్ర వాహనంపై ప్రయాణించేవారు తలకు రక్షణగా ధరించే గట్టి టోపీని హెల్మెట్ లేదా శిరస్త్రాణం అంటారు. ప్రమాదం జరిగినపుడు లోపలి థర్మోకోల్ పొర తాను నలిగి, మెదడుకు చేరవలసిన అదురును తగ్గిస్తుంది. కావున ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ చూపుకు బాగున్నా మరల పనికిరాదు. గడ్డం క్రింది పట్టీ బిగించనిచో తల నేలను తాకకముందే అది ఊడిపోవచ్చు.

61 పరిశీలనలను క్రోడీకరించిన కాక్రేన్ సమీక్ష (2008) ప్రకారం, ప్రమాదానికి గురైన మోటారుసైకిల్ చోదకులలో హెల్మెట్ వలన మరణావకాశం సుమారు 42 శాతం, తలకు గాయమయ్యే అవకాశం 69 శాతం తగ్గుతుంది. మెడ గాయాల విషయం ఆ సమీక్షలో తేలలేదు.

సూర్యాపేట, కోదాడ పట్టణాలు హైదరాబాదు-విజయవాడ జాతీయ రహదారిపైన, మిర్యాలగూడ నార్కెట్‌పల్లి-అద్దంకి రహదారిపైన ఉన్నాయి. దూరప్రయాణపు బస్సులు, లారీలు, మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పోయే ధాన్యపు ట్రాక్టర్లు తిరిగే ఈ దారులలోనే ఊరి పనులకు వెళ్ళే మోటారుసైకిళ్ళూ సాగుతాయి. పక్క ఊరికే కదా అని హెల్మెట్ ఇంట వదలుట పొరపాటు. దెబ్బకు దూరంతో పనిలేదు.

ఖర్చు

ఐ.ఎస్.ఐ. గుర్తు గల హెల్మెట్ సుమారు వెయ్యి రూపాయలకు లభిస్తుంది. మెదడులో రక్తం గడ్డకట్టినచో సి.టి. స్కాన్, శస్త్రచికిత్స, వెంటిలేటరు అవసరం కావచ్చు. సూర్యాపేట నుండి సుమారు 135 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదుకు తరలించవలసి రావచ్చు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం పేదల చికిత్సకు ఆదరువే. కాని నెలల తరబడి పోయే కూలి, తోడుండేవారు మానుకొనే పని, మిగిలిపోయే మతిమరుపు ఆ కుటుంబం వంతే.

చట్టం

1988 నాటి మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ వెనుక కూర్చున్నవారికి కూడా వర్తిస్తుంది. తలపాగా ధరించిన సిక్కులకు మినహాయింపు ఉంది. 2019 సవరణ జరిమానాను వెయ్యి రూపాయలు చేసింది, అనగా ఇంచుమించు ఒక హెల్మెట్ వెల.