తెల్లని నీరు - నారికురుపు



మొన్న నాంపల్లి స్టేషనులో దిగి ఆబిడ్సునకు పోవుచుండగా మన సభ్యు లొకరు కుళాయినీటిని దోసిట బట్టి, "అయ్యా, ఇదియు తెల్లగనే యున్నది. మా పాత దిగుడుబావి నీరును తెల్లగనే యుండెడిది. మరి మా తాతకు నారికురుపేల వచ్చెను?" అని యడిగిరి. ప్రశ్న యుచితమైనది.

మన భాషలో రంగుమాటకు అర్థ మొక్కటి గాదు. పసుపుకొమ్మును పచ్చనిదే, వరిపైరును పచ్చనిదే. అట్లే తెలుపు. తెల్ల, తేట, తెలియుట యను మాట లొక్క ధాతువునుండియే పుట్టినవి. కావున తెల్లని నీటిని జూడగనే దాని గుణము తెలిసిన ట్లెంచెదము. ఈ యెంచికయే పూర్వము పల్లెల కెంతో కీడు చేసినది.

నారిపురుగు వింటినారివలె సన్ననిది, తెల్లనిది. రెండు మూడడుగుల పొడవుండును. రోగి మంట తాళజాలక కాలు నీట ముంచగనే పురుగు వేలకొలది పిల్లలను విడుచును. వానిని సైక్లాప్స్ అను మిక్కిలి చిన్న నీటిపురుగు మ్రింగును. ఆ నీరు త్రాగినవానికి రమారమి యేడాదికి కాలిపై బొబ్బ లేచును. ఇంత యెడముండుటచే బావిపై నెవరికిని అనుమానము కలుగదు. పురుగును పుల్లకు జుట్టి దినమునకు కొంచెము చొప్పున లాగవలెను; అందుకు వారములు పట్టును. సేద్యపుపనుల వేళ రైతు మంచము పట్టినచో ఆ యేటి పంట యేమగును?

నగరమునకు 1920లో పూర్తియైన గండిపేట చెరువునుండి నీరు వచ్చెను; తరువాత మంజీర, కృష్ణా, గోదావరుల నీళ్లును వచ్చినవి. ఆ నీరు వడపోతపడి గొట్టములలో వచ్చును. అందెవరును కాలు పెట్టరు. భేదము రంగున లేదు, ఇందే కలదు.

1983లో దేశమున నారికురుపు నిర్మూలన కార్యక్రమ మారంభమయ్యెను. మన రాష్ట్రమును ఆ రోగమున్న రాష్ట్రములలో నొకటి. దిగుడుబావులను చేదుబావులుగ మార్చిరి, చేతిపంపులు వేసిరి, నీటిలో మందు కలిపిరి, త్రాగునీటిని గుడ్డతో వడగట్టుట నేర్పిరి. 1996 జూలైలో రాజస్థానమందు కడపటి రోగి కనబడెను. 2000లో ప్రపంచ ఆరోగ్యసంస్థ మన దేశమును ఈ రోగము లేనిదిగ ప్రకటించెను. నే డది ఆఫ్రికాలో కొలదిచోట్ల మాత్రమే మిగిలినది.

అయినను పాఠము మిగిలియున్నది. నల్లగొండ సీమను పీడించిన ఫ్లోరైడునీరును తేటగనే యుండును. దానిని గుడ్డ వడగట్టజాలదు, కాచినను పోదు. కావున క్రొత్త బోరు వేసిన ప్రతి సభ్యుడును త్రాగుటకు ముందు నీటిని పరీక్ష చేయింపవలెను. విత్తనమును మొలకెత్తించి చూడక చల్లము గదా! నీటి విషయమున మాత్రము కంటిని నమ్ముట యేల?