హైదరాబాద్ అని చూపిస్తే హైదరాబాదేనా? వెబ్ అనలిటిక్స్‌ను సరిగ్గా చదవడం ఎలా?

మాది రాజన్న సిరిసిల్ల జిల్లా ఎల్లారెడ్డిపేట. బడ్జెట్ ఫోన్ల మీద తెలుగులో రాసే చిన్న సైట్ ఒకటి నడుపుతుంటా. మొదలుపెట్టిన కొత్తలో గూగుల్ అనలిటిక్స్ ఓపెన్ చేసి సిటీ రిపోర్ట్ చూశా. పైన హైదరాబాద్, దాని కింద కూడా పెద్ద సిటీలే. ఎల్లారెడ్డిపేట పేరు ఎక్కడా లేదు. "మనోళ్లు ఎవరూ చదవట్లేదు, చదివేదంతా సిటీవాళ్లే" అని ఫిక్సైపోయా. పదివేల లోపు ఫోన్ల రివ్యూలు పక్కన పెట్టి ఖరీదైన ఫ్లాగ్‌షిప్‌ల మీద రాయడం మొదలుపెట్టా. అది పెద్ద తప్పు. ఆ తప్పు ఎలా జరిగిందో అర్థమైతే అనలిటిక్స్ సగం వచ్చినట్టే.

ఇంతకీ అనలిటిక్స్ ఏం చేస్తుంది?

2005లో గూగుల్ అర్చిన్ అనే కంపెనీని కొన్నది. అదే ఏడాది నవంబర్‌లో గూగుల్ అనలిటిక్స్ వచ్చింది. పాత వెర్షన్ 2023 జూలై 1 నుంచి కొత్త డేటా తీసుకోవడం ఆపేసింది. ఇప్పుడు మనం వాడేది జీఏ4.

సైట్‌లో ఒక చిన్న జావాస్క్రిప్ట్ కోడ్ పెడతాం. ఎవరైనా పేజీ తెరిస్తే ఆ కోడ్ వాళ్ల బ్రౌజర్‌లో ఒక కుకీ పెట్టి, అందులో ఒక ర్యాండమ్ నంబర్ రాస్తుంది. ఏ పేజీ చూశారు, ఎక్కడి నుంచి వచ్చారు, ఎంతసేపు ఉన్నారు అన్నవి ఆ నంబర్ పేరు మీద గూగుల్‌కు వెళ్తాయి. అంటే రిపోర్ట్‌లో "యూజర్" అన్నది మనిషి కాదు, బ్రౌజర్. ఇంట్లో నలుగురూ ఒకే ఫోన్‌లో చూస్తే ఒక్క యూజర్. ఒకే మనిషి ఫోన్‌లో ఒకసారి, ల్యాప్‌టాప్‌లో ఒకసారి చూస్తే ఇద్దరు యూజర్లు.

సిటీ ఎందుకు తప్పు చూపిస్తుంది?

ఒకరోజు నా ఫోన్‌లో వైఫై ఆపేసి, మొబైల్ డేటాతో నా సైటే తెరిచా. పక్కన ల్యాప్‌టాప్‌లో రియల్‌టైమ్ రిపోర్ట్ పెట్టుకున్నా. ఎల్లారెడ్డిపేటలో మా ఇంట్లో కూర్చున్న నన్ను హైదరాబాద్‌లో చూపించింది!

కారణం సింపుల్. అనలిటిక్స్ మన జీపీఎస్ చూడదు. ఐపీ అడ్రస్‌ను బట్టి ఊరిని అంచనా వేస్తుంది. మొబైల్ నెట్‌వర్క్‌లో మన ఫోన్‌కు సొంత పబ్లిక్ ఐపీవీ4 అడ్రస్ దాదాపు ఉండదు. చాలామంది ఒకే ఐపీని పంచుకుంటారు. ఆ ట్రాఫిక్ అంతా ఆపరేటర్‌కు చెందిన ఏదో పెద్ద సిటీ గేట్‌వే నుంచి ఇంటర్నెట్‌లోకి వెళ్తుంది. పైగా టెలికాం లెక్కల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ ఇప్పటికీ ఒకే సర్కిల్. అందుకే దేశం పేరు వరకు ఈ రిపోర్ట్‌ను బాగానే నమ్మొచ్చు. ఊరి పేరు దగ్గరికొచ్చేసరికి, అదీ మొబైల్ డేటా మీద వచ్చేవాళ్ల విషయంలో, నమ్మి నిర్ణయాలు తీసుకోవద్దు.

"డైరెక్ట్" అంటే నేరుగా వచ్చినట్టేనా?

నా రెండో పొరపాటు ఇది. ట్రాఫిక్ ఎక్కడి నుంచి వస్తోందో చూస్తే చాలావరకు "డైరెక్ట్" అని ఉంది. జనాలు నా సైట్ పేరు గుర్తుపెట్టుకుని టైప్ చేస్తున్నారని మురిసిపోయా. నిజానికి ఎక్కడి నుంచి వచ్చారో తెలియని వాళ్లందరినీ జీఏ4 ఆ డబ్బాలోనే వేస్తుంది. వాట్సాప్‌లో లింక్ నొక్కి వచ్చినవాళ్లు కూడా సాధారణంగా అందులోకే పోతారు.

దీనికి మందు యూటీఎం ట్యాగ్‌లు. ఈ పేరులోని 'యూ' పాత అర్చిన్‌దే. గూగుల్ క్యాంపెయిన్ యూఆర్ఎల్ బిల్డర్‌లో మన లింక్ పేస్ట్ చేసి సోర్స్ దగ్గర వాట్సాప్ అని, మీడియం దగ్గర గ్రూప్ అని, క్యాంపెయిన్ దగ్గర ఊరి పేరు ఇస్తే కొత్త లింక్ తయారవుతుంది. నేను ఎల్లారెడ్డిపేట గ్రూపులకు ఒకటి, సిరిసిల్ల గ్రూపులకు ఒకటి, కాలేజీ ఫ్రెండ్స్‌కు ఒకటి చేసి పంపా. అప్పుడు తెలిసింది, మనోళ్లు చదువుతున్నారు. అదీ నేను పక్కన పడేసిన పదివేల లోపు ఫోన్ల పేజీలనే.

ఒక జాగ్రత్త. లింక్ ఫార్వర్డ్ అయితే ట్యాగ్ కూడా దాంతోపాటే వెళ్తుంది. అంటే ఆ లింక్ ఏ గ్రూపులో మొదలైందో తెలుస్తుంది గానీ, నొక్కిన మనిషి ఏ ఊరివాడో తెలియదు. అలాగే మీ సైట్‌లోపల ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి ఇచ్చే లింకులకు యూటీఎం పెట్టకండి, లెక్కలు కలగాపులగం అవుతాయి.

నిజంగా చదివారా లేదా?

వ్యూస్ ఎక్కువ ఉన్నాయంటే చదివారని కాదు. జీఏ4లో "ఎంగేజ్డ్ సెషన్" అని ఉంటుంది. విజిట్ 10 సెకన్లు దాటినా, రెండు పేజీలు చూసినా, మనం పెట్టుకున్న కీ ఈవెంట్ జరిగినా అది ఎంగేజ్డ్ కింద లెక్క. 10 సెకన్లు అంటే చాలా తక్కువ కదా! అందుకే నేను దాంతోపాటు యావరేజ్ ఎంగేజ్‌మెంట్ టైమ్ చూస్తా. పేజీ స్క్రీన్ మీద కనిపిస్తున్నంత సేపే ఇది లెక్కలోకి వస్తుంది. తర్వాత స్క్రోల్ ఈవెంట్ చూస్తా, అది పేజీలో 90 శాతం కిందికి వెళ్తేనే నమోదవుతుంది.

నా ఫ్లాగ్‌షిప్ రివ్యూల దగ్గర కథ ఇక్కడే బయటపడింది. తెరిచినవాళ్లు ఉన్నారు, కిందిదాకా వెళ్లినవాళ్లు చాలా తక్కువ. బడ్జెట్ ఫోన్ల పేజీల్లో తెరిచినవాళ్లు కొంచెమే, కానీ చివరిదాకా చదివారు.

చూశాం సరే, ఏం మార్చాలి?

ముందు ప్రశ్న రాసుకోండి, తర్వాతే రిపోర్ట్ తెరవండి. నేను రాసుకున్న ప్రశ్న, "బడ్జెట్ ఫోన్ రివ్యూ సగంలో వదిలేసేవాళ్లు ఎందుకు వదిలేస్తున్నారు?" సమాధానం కోసం మూడు పనులు చేశా.

• సెర్చ్ కన్సోల్‌లో జనం ఏం వెతికి నా పేజీకి వస్తున్నారో చూశా. బ్యాటరీ, సిగ్నల్, రిపేర్ గురించే ఎక్కువ. అవన్నీ నా రివ్యూలో అట్టడుగున ఉన్నాయి. పైకి తెచ్చా.

• పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో స్పీడ్ చెక్ చేశా. పేజీలో పెద్ద భాగం 2.5 సెకన్లలోపు కనిపిస్తే మంచి స్కోర్ అని గూగుల్ లెక్క. నా కెమెరా శాంపిల్ ఫొటోలే అడ్డం పడ్డాయి. సైజ్ తగ్గించా.

• మైక్రోసాఫ్ట్ క్లారిటీ పెట్టా, ఉచితమే. వేళ్లు ఎక్కడ నొక్కుతున్నాయో హీట్‌మ్యాప్‌లో కనిపిస్తుంది. పోలిక పట్టిక చిన్న స్క్రీన్‌లో పక్కకు జారిపోతోందని దాంట్లోనే దొరికింది.

మూడూ ఒకేరోజు మార్చకండి. ఒకటి మార్చి కొన్ని రోజులు ఆగండి, లేకపోతే దేనివల్ల బాగుపడిందో తెలియదు.

మర్చిపోకూడనివి

జీఏ4 సెట్టింగ్స్‌లో డేటా రిటెన్షన్ మొదట 2 నెలలే ఉంటుంది. ఇవాళే 14 నెలలకు మార్చండి, లేకపోతే ఎక్స్‌ప్లోరేషన్స్‌లో పాత డేటా దొరకదు. చిన్న సైట్ అయితే మీ సొంత విజిట్లే లెక్కలు పాడుచేస్తాయి, వాటిని ఇంటర్నల్ ట్రాఫిక్ ఫిల్టర్‌తో తీసేయండి. యాడ్ బ్లాకర్ వాడేవాళ్లలో చాలామంది అసలు లెక్కలోకే రారు. ఎవరి ఫోన్ నంబర్లు, మెయిల్ ఐడీలు లింకుల్లో పెట్టకండి, గూగుల్ రూల్స్ ఒప్పుకోవు. వచ్చినవాళ్ల నమ్మకం కూడా పోతుంది.

మీకు సైట్ ఉంటే ఈ రాత్రే మొబైల్ డేటా ఆన్ చేసి, రియల్‌టైమ్‌లో మిమ్మల్ని మీరు వెతుక్కోండి. మీ ఊరు కనిపించకపోతే, మీ ఊరోళ్లు చదవట్లేదని మాత్రం అనుకోకండి. నేను అలాగే అనుకుని, నా అసలు పాఠకులను కొన్నాళ్లు ఖాళీ చేతులతో పంపించా.