ఇంటి కరెంటుతో మైక్రోకంట్రోలరు

నరసరావుపేటలోనైనా, మాచర్లలోనైనా ఇంటి స్విచ్‌బోర్డుకు వచ్చే సింగిల్ ఫేజు కరెంటును 230 వోల్టులుగా చెప్పుకుంటారు. ఆ సంఖ్య ఏసీ చేసే పనిని డీసీతో సరిపోల్చి చెప్పే లెక్క మాత్రమే కాబట్టి, సెకనుకు 50 ఆవర్తనాలతో సాగే ఆ కరెంటు ప్రతి ఆవర్తనంలోనూ దాదాపు 325 వోల్టుల శిఖరాన్ని తాకుతుంది. లైట్లను, ఫ్యాన్లను, మేడమీది ట్యాంకు మోటారును ఫోను నుంచి నడపడానికి వాడే ఈఎస్‌పీ32 అనే మైక్రోకంట్రోలరు, అంటే ప్రాసెసరు, మెమరీ, వైఫై ఒకే చిప్పులో ఇమిడిన చిన్న కంప్యూటరు, కోరేది 3.3 వోల్టుల డీసీ మాత్రమే. వోల్టేజిని తగ్గించే దారులు ఎన్నో ఉన్నా, ఆ బోర్డును తాకిన మనిషికి షాక్ కొట్టకుండా చూడగలగడమే వాటి మంచిచెడ్డలను తేల్చే గీటురాయి.

అన్నిటికంటే చవకైనది, ఫేజుకు వరుసగా కెపాసిటరును కలిపి కరెంటును పరిమితం చేసే పద్ధతి. చవకరకం ఎల్‌ఈడీ బల్బుల్లో కనిపించే ఈ ఏర్పాటులో 1 మైక్రోఫారడ్ కెపాసిటరు గుండా పారేది సుమారు 72 మిల్లీ ఆంపియర్లే కాగా, ఈఎస్‌పీ32కు కనీసం 500 మిల్లీ ఆంపియర్లు ఇవ్వగల సరఫరా ఉండాలని తయారీ సంస్థ ఎస్‌ప్రెసిఫ్ సూచిస్తుంది. అందువల్ల వైఫై సంకేతం పంపే క్షణంలో వోల్టేజి పడిపోయి చిప్పు మాటిమాటికీ రీసెట్ అవుతుంది. అంతకు మించిన దోషం, ఇంటి లైనుకూ బోర్డుకూ నేరుగా సంబంధం ఉండటం: రెండు పిన్నుల ప్లగ్గును తిప్పి పెడితే బోర్డు గ్రౌండు మీదికే ఫేజు వస్తుంది, అప్పుడు ప్రోగ్రాము ఎక్కించడానికి యూఎస్‌బీ కేబులు తగిలిస్తే లాప్‌టాప్‌తో పాటు మనిషికీ ముప్పే.

ఈ సంబంధాన్ని తెంచేది ఐసొలేషన్, అంటే రెండు వైపుల మధ్య తీగ కలయిక లేకుండా ట్రాన్స్‌ఫార్మరులోని అయస్కాంత క్షేత్రం ద్వారానే శక్తిని దాటించడం. మొబైల్ ఛార్జర్లలో ఉండే ఎస్‌ఎంపీఎస్ చేసేది ఈ పనే: ఏసీని ముందు డీసీగా మార్చి, దాన్ని సెకనుకు వేలసార్లు ఆపుతూ వదులుతూ చిన్న ట్రాన్స్‌ఫార్మరు గుండా పంపుతుంది. హై-లింక్ సంస్థ తయారుచేసే పీఎం01 మాడ్యూలు 34 మిల్లీమీటర్ల పొడవు, 20 మిల్లీమీటర్ల వెడల్పుతో స్విచ్‌బోర్డు పెట్టెలోనే పట్టి, 5 వోల్టుల దగ్గర 600 మిల్లీ ఆంపియర్లు ఇస్తుంది. ఆ 5 వోల్టులను రెగ్యులేటరు 3.3కు దించుతుంది.

పల్నాడులో మరి రెండు జాగ్రత్తలు అవసరం. రెంటచింతల ప్రాంతంలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటడం మామూలే, మూసిన పెట్టెలో వేడి అంతకంటే ఎక్కువ; 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఎలక్ట్రొలైటిక్ కెపాసిటరు ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది కనుక 105 డిగ్రీల రకాన్నే ఎంచుకోవాలి. లైనులో న్యూట్రల్ తెగితే ఇంటికి 400 వోల్టుల దాకా రావచ్చు. అందుకే ఫేజు తీగలో ముందు ఫ్యూజు, దాని తరువాత ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 275 వోల్టుల వేరిస్టరు ఉంటే, హద్దుమీరిన వోల్టేజికి వేరిస్టరు కరెంటును తనవైపు లాక్కుని, ఫ్యూజు పోయి బోర్డు మిగులుతుంది.

సోల్డరింగులో చేయి తిరగనివారు బీఐఎస్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ సంఖ్య ఉన్న 5 వోల్టుల అడాప్టరును కొని, యూఎస్‌బీ తీగతోనే బోర్డుకు కరెంటు ఇవ్వడం మేలు. అయితే మోటారును నడిపే రిలే దగ్గర 230 వోల్టులు ఎలాగూ ఉంటాయి కాబట్టి, ఆ వైరింగును ఎలక్ట్రీషియనుకే వదిలి, లీకేజీని పసిగట్టి సరఫరాను తెంచే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీని ఆ లైనుకు తప్పక పెట్టించుకోవాలి.