సేంద్రియ వేరుశనగను గూర్చిన అపోహ

రసాయనములు వాడని పంటలో విషముండదని పలువురు తలంచుచున్నారు. కర్నూలు, కడప జిల్లాల మెట్ట గ్రామములలో ఈ అపోహ తొలగవలెను. పురుగుమందులు వాడకుండుట మంచిదే. అయినను వేరుశనగ కాయ ఊరు దశలో బెట్ట తగిలినను, పెరికిన కాయ తడిసినను, బూజు పట్టి అఫ్లటాక్సిన్ అను విషము పుట్టును. ఎరువు సేంద్రియమైనంత మాత్రమున బూజు విడువదు. ఈ విషము కాలేయమునకు హాని చేయును. వేయించినను పూర్తిగా నశింపదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చుటకు బూజు పట్టిన వేరుశనగ చెక్కయే కారణము.

కాయలను తేమ నూటికి 8 పాళ్లకు మించకుండ ఎండబెట్టవలెను. బూజు పట్టిన గింజలను, ముడుచుకొనిన గింజలను ఏరివేయవలెను. వాటిని పశువులకును పెట్టరాదు. విషము పాలలోనికి వచ్చును. పంచాయతీ సభ్యులు గ్రామమున గట్టి కళ్లములు ఏర్పరచి, ఈ సంగతి ఇంటింట తెలియజేయుదురు గాక!