ఆటోమేటిక్ తీసి గేర్లు పెడదామనుకుంటే...

మా 1990 మస్టాంగ్ 5.0 ఆటోమేటిక్. దానికి అయిదు గేర్ల టీ-5 వేద్దామని జంక్ యార్డు దారి పట్టాను. గేర్‌బాక్సు దొరికితే పనైపోయినట్టే అనుకున్నాను. క్లచ్ పెడల్ సెట్టు, కేబుల్ తేలిగ్గానే దొరికాయి. తిప్పలు పెట్టింది ఫ్లైవీల్!

ఈ 302 ఇంజన్‌ని బ్యాలెన్స్ చేసే బరువు కొంత బయట, అంటే ముందు డాంపర్ మీదా వెనక ఫ్లైవీల్ మీదా ఉంటుంది. 1970ల నాటి 302లకి అది 28 ఔన్స్-అంగుళాలు, మా కారు కాలం వాటికి 50. బోల్టులకి రెండూ చక్కగా కూర్చుంటాయి, చూడ్డానికి అక్కాచెల్లెళ్ళే. నాకు అంటగట్టింది 28ది. స్టార్ట్ చేయగానే కారు చలిజ్వరం వచ్చినట్టు వణికింది. అలాగే నడిపితే క్రాంక్ బేరింగులు పోతాయి. మళ్ళీ గేర్‌బాక్సు దించాను. ఓ శనివారం, మా ఆవిడతో మాటలు, రెండూ పోయాయి.

టీ-5 కూడా ఏదో ఒకటి తెస్తే కుదరదు. 1994-95 మస్టాంగ్‌ దానికి ఇన్‌పుట్ షాఫ్ట్ పొడవెక్కువ, బెల్‌హౌసింగూ లోతెక్కువ. అందుకని రెండూ ఒకే కారులోవి తెచ్చుకోండి. ఆటోమేటిక్ కారు క్రాంక్ చివర పైలట్ బేరింగ్ ఉండదు. చిన్న వస్తువే, గేర్‌బాక్సు ఎక్కించే ముందే కొత్తది కొట్టండి.

అంతా బిగించాక స్టార్టర్ తిరగకపోతే కంగారుపడకండి. పార్క్-న్యూట్రల్ స్విచ్చికి వెళ్ళే వైర్లని క్లచ్ పెడల్ స్విచ్చికి కలపాలి.